చావింట్లో ఇంగ్లండు టీవీ

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సూరత్‌లో, ఆల్థాన్‌లోని మా ఫ్లాటు బాల్కనీలో నిలబడి మాట్లాడాను. అవతలి మనిషి హిందీలో నా పేరు, మా ఆయన పేరు, మంచం నంబరు అడిగి సరిచూసుకుని, ఆ తర్వాత చెప్పాడు. అంత పద్ధతిగా చెప్పినందుకు నేను థాంక్యూ అన్నాను. నోటికి అలవాటైన మాట, వచ్చేసింది. మా ఆయన పోయారని చెప్పినవాడికి థాంక్యూ చెప్పిన ఘనురాలిని నేను.

అక్కడే నిలబడి ఇంకో రెండు ఫోన్లు చేశాను. ఒకటి మా మరిదికి. పల్సానాలో రంగుల మిల్లులో పని చేస్తాడు. "దవాఖానకు పోతున్న వదినె" అని పెట్టేశాడు. రెండోది కిందింటి డాక్టరు గారికి. ఆయన గుజరాతీ ఆయన, పొద్దున్నే లేచే మనిషి. విని, "బెన్, మాజీకో అభీ కుచ్ మత్ బతానా" అన్నారు. ఒంట్లో ఆక్సిజన్ తొంభై దాటి నిలబడేదాకా చెప్పొద్దు, ఈ స్థితిలో ఏడిస్తే ఆమె ఊపిరి ఆగిపోతుంది అన్నారు.

మాజీ అంటే మా అత్తమ్మ. మా ఆయన ఆసుపత్రిలో చేరిన మర్నాడే ఆమెకూ జ్వరం తగిలింది. కరోనా రెండో వేవు అది, సూరత్ అంతా వెతికినా మంచం దొరకలేదు. డాక్టరు గారే మందులు రాసిచ్చి, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషను ఒకటి ఇచ్చి, లోపలి గదిలో బోర్లా పడుకోబెట్టమన్నారు. ఆ మిషనులో అంకె తొంభై దాటితే గండం గడిచినట్టేనని ఆమెకు కూడా ధైర్యం చెప్పి వెళ్ళారు. అది ఎనభై ఏడు, ఎనభై ఎనిమిది దగ్గరే ఊగుతూ ఉండిపోయింది. బోర్లా పడుకోవడమంటే ఆమెకు ఒళ్ళు మంట. కాసేపటికే వెల్లకిలా తిరిగి, "నన్ను చేప లెక్క తిప్పుతవేందే" అని నన్ను తిట్టేది.

లోపలికి వచ్చాక నేను మొట్టమొదట చేసిన పని టీవీ పెట్టడం.

ఇది అర్థం కావాలంటే మా పాత గల్లీ గురించి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో మేము సాంచాలు నడిచే బస్తీలో ఉండేవాళ్ళం. కరీంనగర్ వైపు నుంచి ఆ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనికొచ్చిన మనవాళ్ళే ఆ గల్లీ అంతా. మా మామగారు కూడా అట్లా వచ్చినవారే. అక్కడ ఒక ఇంట్లో మనిషి పోతే గల్లీలో ఒక్క టీవీ కూడా మోగకూడదు. ఆ కట్టుబాటును అమలు చేసేది మా అత్తమ్మ. కొంగు నడుముకు చుట్టి ఇంటింటికీ తిరిగి, "సావు ఇంటి పక్కపొంటి గీ పాటలేంది, సిగ్గు లేదా" అని బంద్ చేయించేది. ఒకసారి క్రికెట్ ఫైనల్ నాడు ఒక ముసలాయన పోయాడు. గల్లీలో మగవాళ్ళంతా పోయిన ఆయన్నే లోలోపల తిట్టుకున్నారు తప్ప, ఒక్కరూ టీవీ జోలికి పోలేదు. అది ఆమె పెత్తనం. కాబట్టి ఆమె లెక్కలో టీవీ మోగే ఇల్లంటే అందరూ బతికి ఉన్న ఇల్లు. ఆమెవి పాము చెవులు, మా ఫ్లాటు గోడలు అప్పడాలు. టీవీ మోగుతున్నంతసేపు ఆమెకు అనుమానం రాదని నేను నిశ్చయించుకున్నాను.

రిమోటు చేతిలోకి తీసుకున్నాకగానీ తెలియలేదు, పెట్టడానికి ఏమీ లేదని. తెలుగు వార్తల్లో ఎందరు పోయారో కింద అంకెలు పరుగెడుతున్నాయి. హిందీ వార్తల్లో చితులు. సీరియల్ పెడితే ఆమె లోపలి నుంచే కథ అడుగుతుంది, నేను జవాబు చెప్పాలి. పాటల చానెల్ మీద వేలు ఆగింది కానీ నొక్కలేకపోయాను. చావింట్లో పాట పెట్టేంత తెగింపు నాకు లేదు. భక్తి చానెల్ పెట్టొచ్చు, కానీ ఆ పొద్దున దేవుడి మొహం చూస్తే తిడతానేమోనని భయమేసింది. అట్లా ఒక్కొక్కటీ దాటుకుంటూ పోతే చివర్లో ఎక్కడో ఒక ఆవిడ మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని మొక్క నాటుతూ కనిపించింది. అక్కడ ఆగాను.

అది బ్రిటన్ చానెల్. వాళ్ళ జనం సొమ్ముతో నడిచేదట, ప్రకటనలు రావు. ఆయన బజారు నుంచి ఒక డబ్బా తెచ్చి తగిలించినప్పుడు దేశదేశాల చానెళ్ళతో పాటు ఇదీ వచ్చింది. నేను డిగ్రీ చదివినా ఆ ఇంగ్లీషు సగమే పడుతుంది నాకు. ఆ రోజుకు అదే మంచిదనిపించింది. ఆ తోటలో ఎవరూ పోలేదు, పోయినా వాళ్ళెవరో నాకు తెలియదు.

మనకు తెల్లవారితే వాళ్ళకు నడిరాత్రి. నడిరాత్రి పాత కార్యక్రమాలు మళ్ళీ వేస్తారు కాబోలు, చెవులు వినపడని వాళ్ళ కోసం తెర మూలన ఒక మనిషి నిలబడి చేతులతో చెబుతుంది. తోటావిడ ఏదో పువ్వు చూపించి మురిసిపోతోంది, మూలనున్న ఆమె వేళ్ళు విప్పుతోంది, మూస్తోంది. నేను తోట చూడలేదు. ఆ చేతులే చూస్తూ కూర్చున్నాను. ఏమీ అనిపించలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, మనిషినంతా అట్లా ఉన్నాను.

"ఏందే పిల్లా, పొద్దుగాల్నే టీవీ?" లోపలి నుంచి అత్తమ్మ గొంతు.

"నిద్ర పడుతలేదు అత్తమ్మా."

"ఏం పెట్టినవ్ గది? ఒక్క ముక్క సమజైతలేదు."

"ఇంగ్లీషుది. తోటపని చూపిస్తుండ్రు."

"వాడెట్ల ఉన్నడు? ఫోన్ జేసినవా?"

"చేసిన. పండుకున్నడట."

ఆ మాట నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకు నేను చిన్న అబద్ధాలు చాలా చెప్పాను. చీర ఖరీదు తగ్గించి చెప్పాను, పుట్టింటికి పంపిన డబ్బాలో ఏముందో మార్చి చెప్పాను. అత్త మంచీ వేము తీపీ లేవంటారు, మాదీ అట్లాంటి కాపురమే. మాకు పిల్లలు కలగలేదని ఆమె ఎన్నిసార్లు దెప్పిందో, నేను ఎన్నిసార్లు గిన్నెలు విసిరికొట్టానో లెక్కలేదు. కానీ ఇంత పెద్ద అబద్ధం ఇంత చల్లగా ఎప్పుడూ చెప్పలేదు. తలుపు సందులోంచి మిషను చూడమన్నాను. ఎనభై ఏడు అన్నది.

పదిన్నరకు వాళ్ళకు తెల్లవారింది. ఎర్రటి సోఫాలో ఒక ఆడమనిషీ ఒక మగమనిషీ కూర్చుని, చేతిలో కాగితాలు పట్టుకుని నవ్వుకుంటూ మాట్లాడటం మొదలుపెట్టారు. హోటళ్ళు తెరిచారట, బయట బల్లల దగ్గర కూర్చుని తాగొచ్చట. చలికి కంబళ్ళు కప్పుకుని గ్లాసులు పట్టుకున్న జనాన్ని చూపించారు. ఒకాయన, ఇన్ని నెలల తర్వాత ఈ గ్లాసు చేతిలోకి వచ్చేసరికి ఏడుపొచ్చింది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గ్లాసు కోసం ఏడుస్తావా, నీకు ఏడవడానికి ఇంకేమీ దొరకలేదా అని టీవీతోనే అన్నాను, మెల్లగానే. ఆ రోజు నాకు కలిగిన మొదటి భావం ఆ తాగుబోతు మీద కోపం.

వాళ్ళ నవ్వుల మధ్యలోనే మరిది ఫోను వచ్చింది. బాల్కనీలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను.

"అయిపోయింది వదినె," అన్నాడు. "మొఖం సూపియ్యలే. సంచిల చుట్టి తెచ్చిండ్రు. అన్ననే అని నమ్మిన."

"నిప్పు ఎవరు పెట్టిండ్రు?"

"నిప్పేడిది వదినె, గ్యాసుది. బటన్ ఒత్తుమన్నరు. నాతోనే ఒత్తిచ్చిండ్రు." అతను వెక్కివెక్కి ఏడ్చాడు. రంగు నీళ్ళల్లో నానీ నానీ ఎప్పుడూ పచ్చగా ఉండే అతని వేళ్ళు గుర్తొచ్చాయి. ఆ వేలితో ఒత్తి ఉంటాడు. "నువ్వు ఏడుస్తలేవేంది వదినె?"

"లోపల టీవీ నడుస్తున్నది. మెల్లగ మాట్లాడు," అన్నాను.

అది జవాబు కాదని నాకూ తెలుసు. అతను మాత్రం సరే అని గొంతు తగ్గించి ఏడ్చాడు. అమ్మను చూడటానికి రానా అని అడిగాడు. రావొద్దన్నాను. అతని గొంతు వింటే చాలు, ఆమె పట్టేస్తుంది. తల్లి దగ్గరికి కొడుకును రావొద్దని చెప్పే అధికారం నాకెవరిచ్చారో, ఆ రోజు అన్ని అధికారాలూ నాకే వచ్చి పడ్డాయి.

మధ్యాహ్నానికి వంట చేశాను. ఎట్లా చేశానో గుర్తులేదు. కుక్కరు కూత వినపడితే అప్పుడు నేను వంటింట్లో ఉన్నానని తెలిసింది. అన్నం, పప్పు పళ్ళెంలో పెట్టి, తలుపు ముందు స్టూలు మీద ఉంచి, పక్కకు జరిగి నిలబడ్డాను. అదే మా పద్ధతి. ఆమె తలుపు తీసి పళ్ళెం తీసుకుంటుంది, నేను మాస్కులోంచి పలకరిస్తాను. జ్వరం తగిలిన రోజు నుంచి ఆమెకు వాసన, రుచి పోయాయి. రోజూ మొదటి ముద్దకే "మన్ను తిన్నట్టున్నది" అని సణిగేది. ఆ రోజు పళ్ళెం చేతిలోకి తీసుకుని కొంచెంసేపు అట్లాగే నిలబడింది. తర్వాత నా మొహం వైపు చూసింది. ఏమీ అనకుండా తలుపు వేసుకుంది. పళ్ళెం తిరిగొచ్చినప్పుడు మెతుకు మిగల్లేదు. పోనీలే తిన్నది కదా అనుకున్నాను.

అప్పటి నుంచి ఆమెకు ఎన్నడూ లేనంత శ్రద్ధ పుట్టింది ఆ టీవీ మీద.

"ఇప్పుడేం చూపిస్తుండ్రు?"

"గొర్రెలు ఈనుతున్నయ్ అత్తమ్మా."

"ఇంగ్లండుల గూడ గొర్లుంటయా? జర చెప్పు, ఎట్లున్నయి?"

"మనవాటికంటే లావుగ ఉన్నయ్. ఒళ్ళంతా దూది లెక్క బొచ్చు."

నేను కుర్చీ లాక్కుని ఆమె తలుపు దగ్గరే కూర్చున్నాను. తెరమీద ఒక రైతు చేతికి గ్లౌజు తొడుక్కుని గొర్రె పక్కన వంగి ఉన్నాడు. పిల్ల బయటికి వచ్చింది. పసుప్పచ్చగా, తడిగా, కదలకుండా ఉంది. రైతు దాని మూతి తుడిచాడు. గడ్డి తీసుకుని డొక్కల మీద రుద్దాడు.

"పిల్లెట్లున్నది?" అని లోపలి నుంచి.

"దమ్ము తీస్తలేదు," అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"కాళ్ళు వట్టి ఊపుమను."

నిజంగానే అతను పిల్లను వెనక కాళ్ళు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. మళ్ళీ పడుకోబెట్టి రుద్దాడు. తర్వాత చేయి తీసేశాడు. కెమెరా వైపు తిరిగి ఒక మాట చెప్పి, దాన్ని గోడ పక్కన గడ్డి మీద పెట్టి, చేతులు తుడుచుకుని ఇంకో గొర్రె దగ్గరికి నడిచాడు.

"వచ్చిందా దమ్ము?"

"వచ్చింది అత్తమ్మా. లేచి నిలబడ్డది."

"మంచిగైంది," అన్నది ఆమె. చాలాసేపటి తర్వాత, "తల్లి నాకుతున్నదా?" అని అడిగింది. నాకుతున్నదన్నాను.

తర్వాత ఇళ్ళు కొనుక్కునే వాళ్ళు వచ్చారు. ఒక జంటకు మూడు ఇళ్ళు చూపిస్తే మూడింట్లోనూ వంటిల్లు చిన్నదని ఆ మహాతల్లి మూతి విరిచింది. మా ఫ్లాటు వంటింట్లో ఇద్దరం నిలబడితే ఒకరి మోచేయి ఒకరికి తగులుతుంది, ఆ మోచేతుల మీదే మా అత్తాకోడళ్ళ తగువులు సగం నడిచాయి. అది చెబితే లోపల అత్తమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా నేను కుర్చీ అంచు పట్టుకుని ఉన్నాను. మాట్లాడించొద్దని డాక్టరు గారు అన్నారు కదా, పడుకో అన్నాను. "బోర్లనే పండుకున్న, నువ్వు చెప్పు," అన్నది. వెల్లకిలా తిరుగుతానని ఒక్కసారి కూడా పేచీ పెట్టలేదు. జ్వరం నీరసానికి మెత్తబడిందేమో అనుకున్నాను.

పాత సామాను వేలం వేసే కార్యక్రమం వచ్చింది. ఒక పెద్దావిడ భర్త వాడిన పొగాకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. టై కట్టుకున్న మనిషి దాన్ని తిప్పి చూసి ఒక ధర చెప్పాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అంత వస్తుందనుకోలేదు, ఆయన ఉంటే ఎంత సంతోషపడేవారో అన్నది. ఆసుపత్రి నుంచి ఆయన కళ్ళద్దాలు, ఫోను, చెప్పులు ఎప్పుడు ఇస్తారో అడగలేదని నాకు అప్పుడు తట్టింది. కోపం రాలేదు, బాధ కూడా రాలేదు. అడగాలి అనుకున్నాను, అంతే. బజారుకు పోయినప్పుడు ఉప్పు మర్చిపోతే అనుకుంటామే, అట్లా.

ఈ ముచ్చట్లన్నీ తలుపులోంచి చెబుతూ పోయాను. ఎవరో పరాయి దేశపు మనుషుల ఇళ్ళూ, గొర్రెలూ, డబ్బాలూ. ఒకటి అయిపోగానే "ఇగ ఏమొచ్చింది?" అని అడిగేది. నేను ఒక్క నిమిషం గమ్మునుంటే పిలిచేది. మామూలు రోజుల్లో మేమిద్దరం పొద్దంతా కలిపి అన్ని మాటలు మాట్లాడుకోము. మాట్లాడుతుంటే నాకు తెలియకుండానే పొద్దు గడిచింది. మధ్యలో అంకె అడిగితే ఎనభై తొమ్మిది అన్నది.

సాయంత్రం వాళ్ళ మధ్యాహ్నం వార్తలు వచ్చాయి. ఆ చానెల్‌లో చావులుండవని నేను కదా అనుకున్నది. మొదటి వార్తే మనది. ఢిల్లీలో వరసగా చితులు, పైనుంచి తీసిన బొమ్మ. ఆటోలో ఒక ఆడమనిషి తన భర్త నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతోంది. ఇండియా, ఇండియా అని ఆ వార్తలు చదివే మనిషి మళ్ళీ మళ్ళీ అంటున్నాడు, ఎంతో మర్యాదగా, బాధ పడుతున్న మొహంతో. మా చావు వాళ్ళ భోజనాల వేళకు వడ్డించిన వార్త అయింది. నేను రిమోటు కోసం వెతికాను. అది కుర్చీ కిందికి పోయింది. దొరికేలోపు లోపలి నుంచి అడగనే అడిగింది.

"ఇండియా అంటుండ్రేంది?"

"క్రికెట్ అత్తమ్మా."

"గెల్సిండ్రా?" అన్నది.

"ఇంకా ఆడుతుండ్రు."

వార్తల తర్వాత వాతావరణం చెప్పే అమ్మాయి వచ్చింది. వాళ్ళ దీవి పటం మీద చెయ్యి తిప్పుతూ, రేపు చిన్న జల్లు పడొచ్చు, గొడుగు తీసుకెళ్ళండి అంటూ నవ్వింది. ఇక్కడ కిటికీ అవతల ఏప్రిల్ ఎండ ఇంకా తగ్గలేదు. అంబులెన్సు ఒకటి కూస్తూ పోయింది.

తర్వాత ఆకుపచ్చ బల్ల తెర నిండా వచ్చింది. స్నూకర్. ఆయన ఆ డబ్బా తెచ్చింది సగం దీనికోసమే. ఆఫీసు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, కాళ్ళు చాపుకుని చూసేవారు. జన్మలో ఆ కర్ర చేత పట్టిన మనిషి కాదు. ఒక్క రంగు గోలీ గుంతలో పడటానికి అరగంటా అని నేను వెక్కిరిస్తే, "చప్పుడు లేని ఆట, నీకెట్ల నచ్చుతది" అనేవారు. బల్ల కనపడగానే నా నోరు తెరుచుకుంది. మీ ఆట వచ్చింది, రండి అనబోయాను. మాట గొంతులోకి వచ్చి ఆగింది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన లేరని. పొద్దున్నుంచి ఆ వార్తను ఇంకొకరికి తెలియకుండా మోస్తున్నాను తప్ప, నేను విననేలేదు. అయినా కన్నీళ్ళు రాలేదు. తెరమీద ఒకతను బల్ల మీదికి వంగి, గురి చూసి, మళ్ళీ లేచి నిలబడి కర్రకు సుద్ద రాసుకున్నాడు.

"పిల్లా, ఇటు రా," అని అత్తమ్మ పిలిచింది.

తలుపు తీసి మంచం మీద కూర్చుని ఉంది. మాస్కు పెట్టుకుంది. మిషను తగిలించిన వేలు నా వైపు చాపింది.

"నా కండ్లను నేనే నమ్ముతలేను, నువ్వు సూడు. ఎంతున్నది?"

"తొంభై రెండు."

"ఇంకోపారి సూడు."

కాసేపు అట్లాగే చూశాం ఇద్దరం. తొంభై మూడు వచ్చింది, మళ్ళీ తొంభై రెండు. కిందికి దిగలేదు.

"తొంభై దాటితే గండం గడిచినట్టే అన్నడు గదా డాక్టరు?"

"అన్నరు."

"మరి దాటింది గదా. ఇగ ఆ టీవీ బందు వెట్టు బిడ్డా."

ఎప్పుడూ నన్ను పిల్లా అనే మనిషి బిడ్డా అన్నది. నేను కదల్లేదు. "స్నూకర్ వస్తున్నది అత్తమ్మా," అన్నాను.

"పప్పుల పోపు లేదు," అన్నది ఆమె.

నాకు అర్థం కాలేదు.

"మధ్యాన్నం నువ్వు పెట్టిన పప్పుల. ఆవాలు లేవు, మిరపకాయ లేదు, కరివేపాకు లేదు. నాకు ముక్కు పోతే ఏంది, కండ్లు ఉన్నయి గదా."

మా ఇళ్ళల్లో మనిషి పోతే మైల తీరేదాకా పోపు వేయరు. పోపు ఘుమఘుమ చావింట్లో లేవకూడదు. అది ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు, చూస్తూ పెరిగితే చేతికి వచ్చేస్తుంది. టీవీ సంగతి తల పెట్టి ఆలోచించాను, చానెల్ ఏరుకున్నాను, బొట్టు చెరపలేదు, గొంతు వణకనివ్వలేదు. వంటింట్లో నా చెయ్యి మాత్రం నన్ను అడక్కుండా పోపు మానేసింది. ఆమె పళ్ళెం పట్టుకుని నిలబడిన ఆ కాసేపట్లో అంతా చూసేసింది.

"పగటీలి నుంచి తెలుసా అత్తమ్మా?"

"తెలుసు."

"మరి గొర్లెట్లున్నయని, ఇల్లెట్లున్నదని..."

"నేను అడగకుంటే నువ్వు ఆడ ఒక్కదానివి ఏమైతవో అని అడిగిన. ఒక్కనాడు రెండు సావులు నీకెందుకు అని బోర్లనే పండుకున్న. ఒక్కపారి గూడ తిరగలే." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "ఎవరు పెట్టిండ్రు నిప్పు?"

"చిన్నోడు."

"మంచిది."

నేను గదిలోకి అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "రాకు. నీకు తగుల్తది. ఆడ్నే కూసో."

టీవీ కట్టేసి వచ్చి గడపకు ఇవతల నేల మీద కూర్చున్నాను. పొద్దున్నుంచి మోగుతున్నది ఆగిపోయేసరికి చెవుల్లో హోరుమంది. ఆమె మాస్కు కిందికి లాగింది. మా గల్లీలో ఎవరు పోయినా ముందు రాగం అందుకునేది ఆమే. పోయిన మనిషి మంచి అంతా వరసలో పెట్టి, వినేవాళ్ళ గుండెలు కరిగేట్టు ఏడ్చేది. ఇప్పుడు తన కొడుక్కోసం గొంతెత్తింది. "కొడుకా" అన్నది, దగ్గు వచ్చింది. మళ్ళీ అన్నది, సగంలో గాలి అయిపోయింది. మిషనులో ఎనభై తొమ్మిది కనిపించింది. నేను భయపడి లేవబోయాను. ఆమె కూర్చోమని సైగ చేసి, కళ్ళు మూసుకుని, మెల్లగా పక్క మీద బోర్లా పడుకుంది. మొహం నా వైపు తిప్పుకుంది.

"నాకు దమ్ము లేదు బిడ్డా," అన్నది. "నువ్వే ఏడువు. నా బదులు గూడ."

"నాకు రాగం రాదు అత్తమ్మా."

"నేను చెప్త. నువ్వు అను."

ఆమె నాకు మాత్రమే వినపడేట్టు, ఒక్కో ఊపిరికి రెండు మూడు మాటలు అందించింది. నా కడుపుల పుట్టినోడా. నా ముందల నడిచినోడా. నీ బువ్వ గిన్నె ఎవరికి పెట్టాలె. ఒక్కో మాటా నేను అందుకుని, నా గొంతు నాకే కొత్తగా వినపడుతుంటే, పైకి అన్నాను. నాలుగో మాటకో ఐదో మాటకో కన్నీళ్ళు వచ్చాయి. భార్య ఏమని ఏడవాలో ఆమె చెప్పలేదు, ఆమె దగ్గరున్నవి తల్లి మాటలే. నేను ఆ మాటలే పట్టుకుని, నా మొగుణ్ణి కొడుకా, కొడుకా అని పిలిచి ఏడ్చాను.